సరంగు వాటా మందు

జంగ్లీఘాట్ జెట్టీలో జోగులు డోంగీ పొద్దున్నే ఎప్పుడు కదలాలో జోగులు నిర్ణయించడు. ఇంజను బిగించిన ఆ చిన్న పడవకి సముద్రపు పోటూ పాటూ కూడా రెండో మాటే. నిర్ణయించేది ఒక కుక్క. దాని పేరు సరంగు. రేవుల్లో పడవ నడిపే పెద్దకుండే హోదా అది. అందుకే జోగులు ఆ కుక్కని ఏనాడూ ‘అది’ అనలేదు, ‘వాడు’ అనే అన్నాడు. మనమూ అలాగే అందాం, లేకపోతే పేచీ పెట్టుకుంటాడు.

వాడు పుట్టింది చౌల్దారీ అనే పల్లెలో, కూరగాయలు పండించేవాళ్ల గొడ్లపాకలో. జోగులు అక్కడికి అరటిగెల కోసం వెళ్లి, గెల సంగతి మరిచిపోయి కుక్కపిల్లని చొక్కాలో వేసుకొచ్చాడు. గెల ఏదని భార్య కాళమ్మ అడిగితే చొక్కా బొత్తాలు విప్పి చూపించాడట. పెళ్లయి ఇన్నేళ్లయినా తన కోసం ఒక్క చీరనైనా అంత భద్రంగా పట్టుకు రాలేదని కాళమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. దెప్పుతూనే వాడికి చేప ముళ్లు ఏరి పెడుతుంది.

కాస్త ఎదిగాక ఒక పొద్దున వాడు జెట్టీ చివర పడవ కట్టే గుంజ దగ్గర మొదటిసారి కాలెత్తాడు. గుంజ తడిపి, ఎవరూ పిలవకుండానే గెంతి డోంగీ ముందు భాగంలో కూర్చున్నాడు. ఆ రోజు వల నిండా వంజరాలు పడ్డాయి. మర్నాడు వాడు గుంజ దగ్గర తాత్సారం చేస్తుంటే జోగులూ తోటివాళ్లూ ఆగకుండా వెళ్లిపోయారు. నడిసముద్రంలో ఇంజను మొండికేసింది. వేరేవాళ్ల పడవ తాడు కట్టి లాక్కొచ్చింది. ఇంకేం కావాలి! ఆ నాటి నుంచి గుంజ తడవకుండా జోగులు పడవ కదిలింది లేదు.

శ్రీకాకుళం తీరం వదిలి ఈ ద్వీపాలకి వచ్చినప్పుడు తాతలు గంగమ్మ కొలుపునీ, వల అల్లే పద్ధతినీ వెంట తెచ్చుకున్నారు. ఈ ఆచారం మాత్రం అచ్చంగా జోగులు సొంతం. రేవులో నవ్వేవాళ్లు నవ్వారు. అతను పట్టించుకోలేదు. పైగా వేటలో సరంగుకో వాటా పెట్టాడు. పడవకి ఒక వాటా, మనుషులకి తలో వాటా, సరంగుకి ఒక చేప. వాడి చేప పక్కన పెట్టాకే మిగతావి గంపల్లోకి వెళ్లేవి. సరంగు వాటా ముట్టుకున్నవాడు ఆ పడవ ఎక్కడానికి పనికిరాడని జోగులే అనేవాడు. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత అతని మెడకే చుట్టుకుంది.

అలాంటి సరంగు ముసలివాడయ్యాడు. మూతి తెల్లబడితే ఎవరూ బాధపడలేదు, కానీ గుంజ దగ్గర వాడి అవస్థ చూడలేకపోయారు. కాలెత్తి నిలబడేవాడు, ఏమీ వచ్చేది కాదు. కాలు దించి చుట్టూ తిరిగి మళ్లీ ఎత్తేవాడు. నాలుగు చుక్కలు పడేవి. ఒక్కోసారి ఆ చుక్కల్లో ఎర్రజీర కనిపించేది. దొడ్డికి కూర్చున్నా అంతే, ముక్కి ముక్కి మూలిగేవాడు. ఈలోగా పోటు తీసేది. పక్క పడవలన్నీ వెళ్లిపోయేవి. జోగులు బామ్మర్ది నూకన్న, అతనితో వేటకొచ్చే చక్రి పడవలో కూర్చుని ఆవలిస్తూ ఉండేవారు.

నిజానికి ఆ అవస్థ జోగులుకి కొత్త కాదు. ఏడాదిగా తనూ అలాగే నిలబడుతున్నాడు. సముద్రం మీద పడవ వెనక అంచుకి వెళ్లి, లుంగీ పైకెత్తి, ఎంతసేపు నిలబడ్డా సన్నటి చుక్కలే. అప్పుడు నూకన్నా చక్రీ వలలో లేని చిక్కులు విప్పుతూ ఉండేవారు. వాళ్లకి తెలుసు. వాళ్లకి తెలుసని జోగులుకీ తెలుసు. ఒకే కప్పు కింద బతికే కాళమ్మకి తెలియదనుకోవడం అతని అమాయకత్వం. తుఫాను మేఘం చూసి నవ్వే మనిషికి ఆస్పత్రి అంటే భయం. వెళితే కత్తి అంటారు, కత్తి పడితే ఇక తను మగాడు కాడు. ఈ భయాన్ని ఎవరితోనూ చెప్పుకోలేదు, లోపలే మగ్గబెట్టుకున్నాడు.

ఎవరైనా చూస్తుంటే తనకి అసలు రాదు. కాబట్టి సరంగుకీ రాదని తీర్మానించి జోగులు కొత్త రూలు పెట్టాడు. వాడు గుంజ దగ్గరికి వెళ్లగానే పడవలో ఉన్నవాళ్లందరూ, తనతో సహా, మొహాలు సముద్రం వైపు తిప్పుకోవాలి. వాడు పడవలోకి గెంతాక గుంజ తడిసిందో లేదో చూసుకోవాలి. ముగ్గురు పెద్దమనుషులు ఒక కుక్కకి వీపులు చూపించి బుద్ధిగా కూర్చోవడం చూసి రేవులోవాళ్లంతా పొట్టలు పట్టుకుని నవ్వారు.

ఒక పొద్దున సరంగు పడుకున్న గోనె మీద రక్తం మరక కనపడింది. కాళమ్మ ఇంకెవరి మాటా వినలేదు. ఆటో పిలిచి, మొగుణ్నీ కుక్కనీ ఎక్కించి, డెలానీపూర్‌లో పశువుల డాక్టరు బేబీరాణి దగ్గరికి తీసుకెళ్లింది. బేబీరాణి ఊళ్లో ఇనప సామాను కొట్టువాళ్ల అమ్మాయి. పేరులో పసిపిల్ల ఉంది కానీ మాట మాత్రం ఖరాఖండి. ఆవిడ చేతికి తొడుగు వేసుకుని వెనక నుంచి వేలితో పరీక్ష చేస్తుంటే సరంగు ఊరుకున్నాడు. జోగులే పళ్లు బిగపట్టి గోడ వైపు తిరిగాడు.

స్కానింగు కూడా చేసి ఆవిడ విషయం విడమరిచింది. మగకుక్కలకి వయసు మీద పడితే మూత్రసంచి కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి ఉబ్బుతుంది. ఉబ్బి అటు మూత్రం దారినీ ఇటు దొడ్డి దారినీ నొక్కుతుంది. మగవాళ్లకీ వయసులో ఇలాగే ఉబ్బుతుందని మాటవరసకి అంది. కాళమ్మ మొగుడి వైపు చూసింది, మొగుడు ఫ్యాను వైపు చూశాడు. కుక్కకైతే వృషణాలు తీసేయడమే అసలైన వైద్యమని, అవి తీసేస్తే గ్రంథి తనంతట తనే చిక్కిపోతుందని డాక్టరు చెప్పింది.

“అది తప్ప ఏటన్నా సెప్పండి డాక్టరమ్మా,” అన్నాడు జోగులు. “మగోడిగ పుట్టినాడు, మగోడిగే పోనీ. కోసినాక ఆడు గుంజకాడ కాలెత్తడు. ఆడు ఎత్తకపోతే మా పడవ ఎల్లదు.”

ఎంత చెప్పినా అతను ఆ మాట దగ్గరే లంగరేసుకుని కూర్చున్నాడు. అప్పుడు బేబీరాణి ఇంకో దారి చెప్పింది. చదువయ్యాక ఆవిడ పశువులకి చైనా మూలికలతో చేసే వైద్యం ప్రత్యేకంగా నేర్చుకుంది. ఆ వైద్యం లెక్కలో ఇది కదలాల్సిన రక్తం ఒకచోట మందగించి గడ్డకట్టడం. దాల్చినచెట్టు రెమ్మలు, పూలమొక్కల వేళ్లు, చెట్టు మొదట్లో పుట్టే ఒక గట్టి పుట్టగొడుగు, అన్నీ కలిపిన పొడి వాడితే కొన్ని కుక్కలకి నొప్పీ వాపూ తగ్గుతాయి. తగ్గకపోనూ వచ్చు. అది ఆపరేషన్‌కి బదులు కాదు. గ్రంథిలో ఇప్పటికే పట్టిన చీముకి వేరే మాత్రలు తప్పవు. మూత్రం ఒక్కపూట ఆగినా పరుగెత్తుకు రావాలి, అప్పుడిక కత్తికి అడ్డు చెప్పకూడదు.

“ప్రామిస్ కరో బాబాయ్,” అంది ఆవిడ. “తగ్గిందని నువ్వు చెబితేనే నాకు తెలుస్తుంది. రోజూ పోస్తున్నాడో లేదో నీ కళ్లతో చూసి ఫోన్ చెయ్యాలి.”

జోగులు సరేనన్నాడు. మెయిన్‌ల్యాండ్ నుంచి విమానంలో వచ్చిన పొడి అది. డబ్బా మూత తీస్తే పాత చెక్కపెట్టె తెరిచినట్టు వాసన. చైనా సామాను గురించి రేవుకి ఒక అభిప్రాయం ఉంది కదా, నూకన్న ఊరుకోలేకపోయాడు. చైనా టార్చిలా నాలుగు రోజులు వెలిగి ఆరిపోదు కదా అన్నాడు. జోగులు మొహం చూసి మళ్లీ ఆ మాటెత్తలేదు.

పొడి చేదు. సరంగు మొదటి రోజే మొహం తిప్పుకున్నాడు. కాళమ్మ ఉప్పు లేకుండా చేప ఉడికించి, ఆ నీళ్లలో కలిపితే చప్పరించి తాగాడు. కలిపే పని జోగులు తన చేతుల్లోకి తీసుకున్నాడు. డాక్టరు ఇచ్చిన కొలత చెంచాతో పొడి తీసేవాడు. సగం గిన్నెలో వేసేవాడు. మిగతా సగం, ఎవరూ చూడకుండా, చొక్కా జేబులో ఉండే పొగాకు డబ్బీలో వేసుకునేవాడు.

తిట్టుకోకండి. అతని లెక్క అతనికుంది. ఇద్దరి జబ్బూ ఒకటే అయినప్పుడు మందు మాత్రం వేరే ఎందుకవుతుంది? ముందు సరంగు వాడి చూస్తాడు. వాడికి గుణం కనపడితే తర్వాత తను మొదలుపెడతాడు. ఇక ఇద్దరికీ కత్తితో పని లేదు. ఇన్నేళ్లూ ఎవరినీ ముట్టుకోనివ్వని సరంగు వాటాలో తనే చెయ్యి పెడుతున్నానన్న సంగతి అతనికి తట్టకపోలేదు. తట్టినప్పుడల్లా డబ్బీ మూత ఇంకాస్త గట్టిగా నొక్కేవాడు.

మొదట్లో సరంగు తేరుకున్నాడు కూడా. అన్నం తిన్నాడు, దొడ్డికి తేలిగ్గా వెళ్లాడు, గోనె మీద మరకలు ఆగిపోయాయి. గుంజ మళ్లీ తడవసాగింది. వాడు పడవలోకి గెంతగానే జోగులు వెనక్కి తిరిగి చూసేవాడు, గుంజ మొదలంతా నల్లగా తడిసి మెరిసేది. పోటు ఉండగానే డోంగీ రేవు దాటేది. వేట బాగా పడింది. జోగులు ప్రతి పొద్దునా పడవలోంచే డాక్టరుకి ఫోన్ చేసి, పక్కాగా పోస్తున్నాడు డాక్టరమ్మా, చైనావోళ్లకి దండం పెట్టాలి అని చెప్పేవాడు. రేవులో ఎవరింటి కుక్క దగ్గినా సలహా చెప్పే స్థితికి వచ్చాడు. డబ్బీ నిండుతోంది. ఇక తనూ మొదలుపెట్టవచ్చు అనుకున్నాడు.

మర్నాడు వేట నుంచి వస్తుంటే సరంగు పడవ ముందు భాగంలో కూర్చోలేదు. వలల మీద పక్కకి ఒరిగి పడుకున్నాడు. మధ్యాహ్నం జెట్టీలో దించితే నిలబడలేక కూలబడ్డాడు. తన వాటా చేప మూతి దగ్గర పెట్టినా చూడలేదు. జోగులు పొట్ట మీద చెయ్యి వేస్తే బిగించిన డప్పులా ఉంది. గంపలు చక్రికి వదిలేసి, నూకన్న సాయంతో వాణ్ని ఆటోలో వేసుకుని డెలానీపూర్ పరుగెత్తాడు.

బేబీరాణి పొట్ట తడిమి చూసి, ఆఖరిసారి మూత్రం ఎప్పుడు పోశాడని అడిగింది. ఈ పొద్దున్నే అన్నాడు జోగులు. ఎంత పోశాడంది. గుంజంతా తడిసిందన్నాడు. ఆవిడ నొసలు చిట్లించి, అలాగైతే పొట్ట ఇలా ఉండదే, నీ కళ్లతో చూశావా బాబాయ్ అని గుచ్చి అడిగింది. తడిసిన గుంజని చూశానని జోగులు ఇంకోసారి చెప్పబోయాడు.

“బావా,” అన్నాడు నూకన్న. గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “ఆడు తడపనేదు. నానే మగ్గుతో నీళ్లు పోసినాను.”

నూకన్న తల దించుకుని మిగతాది చెప్పాడు. మందు మొదలెట్టిన కొత్తలో సరంగే తడిపాడు, అది నిజం. తర్వాత మళ్లీ చుక్కలు మొదలయ్యాయి. పోటు పోతోంది. అంతకన్నా, పొడి గుంజని చూసినప్పుడల్లా బావ మొహం మాడిపోతోంది, ఆ మొహం చూడలేకపోయాడు. అందరూ సముద్రం వైపు తిరిగి ఉంటారు కదా, మెల్లగా వెనక్కి వంగి ఒక మగ్గు ఉప్పునీళ్లు గుంజ మీద పోసేవాడు. ఇంత ముప్పొస్తుందనుకోలేదని కళ్లు తుడుచుకున్నాడు.

కొట్టాలనుంది జోగులుకి. చెయ్యి లేవలేదు. నూకన్న మగ్గు ఎత్తింది తను పెట్టిన రూలు చాటునే. చూడవద్దన్నది తను. చూడకుండా చూశానని ఫోన్ చేసిందీ తనే. ఇది చాలక జేబులో డబ్బీ మరొకటి. బల్ల మీద సరంగు మూలిగాడు, మూలుగుతూనే జోగులు చేతిని నాకాడు. పొగాకు డబ్బీ తీసి బల్ల మీద పెట్టాడు.

“ఇది ఆడి వాటా డాక్టరమ్మా,” అన్నాడు. “సగం నాను తీసీసినాను.”

బేబీరాణి మూత తీసి వాసన చూసింది. ఎవరి కోసం దాచావని అడిగింది. జోగులు మళ్లీ ఫ్యాను వైపు చూశాడు. నూకన్న గోడ మీది క్యాలెండరు చదవడం మొదలుపెట్టాడు. ఆవిడకి అర్థమయింది.

“తిన్నావా?”

“ఇంకా నేదు. ఆడికి నయమైనాక తిందామని.”

“బతికావు. ఇది కుక్క బరువుకి తూచిన మందు బాబాయ్, మనుషులు తినేది కాదు. ముందు వీడి సంగతి చూస్తాను. తర్వాత నీ సంగతి నువ్వు చూసుకోవాలి. ఇది కూడా ప్రామిస్.”

సన్నటి గొట్టం వేసి మూత్రం తీశారు. పళ్లెం నిండుతూ ఉంటే సరంగు పొట్ట మెత్తబడింది, వాడి ఊపిరి తేలికపడింది. ప్రాణానికి ప్రస్తుతం ఫరవాలేదని డాక్టరు చెప్పాక, జోగులు తనంతట తనే అన్నాడు, కోసీయండి అని. ఆ మాట అంటుంటే తన ఒంట్లోనే ఏదో తెగినట్టయింది, అయినా అన్నాడు. వయసు మళ్లిన ఒళ్లు కదా, మత్తు తట్టుకోవాలంటే ఒక రోజు సెలైను ఎక్కించి మర్నాడు చేస్తానంది ఆవిడ. మందు పూర్తి కొలతలో వేసి ఉంటే ఇంత దాకా వచ్చేది కాదా అని జోగులు బెరుగ్గా అడిగాడు. వచ్చేదో రాదో తెలియదని, ఆ పొడికి అంత శక్తి ఉందని తను ఒట్టేసి చెప్పలేనని ఆవిడ ఉన్నమాట చెప్పింది.

మర్నాడు ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ జోగులు బయట అరుగు మీదే కూర్చున్నాడు. కాళమ్మ టీ తెచ్చింది, తాగలేదు. పక్కనే కూర్చుని ఆవిడే మాట మొదలుపెట్టింది.

“పొద్దల్లా నీళ్లకాడికి ఎల్లి అంతసేపు నిలబడతావు. నాకు తెల్దనుకున్నావేటి? నువ్వే సెప్తావని సూసినాను.”

జోగులు నేల చూపులు చూశాడు.

“భయ్యంగా ఉందే,” అన్నాడు.

కాళమ్మ వెక్కిరించలేదు. టీ గ్లాసు అతని చేతిలో పెట్టి, మూసిన తలుపు వైపు చూస్తూ కూర్చుంది. ఆ టీ అతను తాగాడు. ఇన్నాళ్లూ పెద్ద కొండలా కనిపించిన మాట, చెప్పేశాక చూస్తే గుప్పెడంతే ఉంది.

సరంగు ఇంటికొచ్చాడు. ఈసారి మందు కలిపే పని కాళమ్మది. బేబీరాణి మార్చి ఇచ్చిన మూలికల పొడి, చెంచాకి చెంచా, పూర్తిగా సరంగు గిన్నెలోకే వెళ్లింది. కుట్లు మానాయి. మళ్లీ స్కానింగు చేస్తే గ్రంథి బాగా చిక్కిపోయింది. ఇందులో కత్తి వాటా ఎంత, పొడి వాటా ఎంతని జోగులు అడిగాడు. పెద్ద వాటా కత్తిదే అంది డాక్టరు. ఆకలి పుట్టించి కడుపు చల్లబరిచిన వాటా మాత్రం పొడికి ఇవ్వవచ్చంది. పొగాకు డబ్బీ ఆవిడ బల్ల మీదే ఉంది. దాన్ని తిరిగి అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

వాడు మళ్లీ జెట్టీకి వచ్చిన పొద్దున నూకన్నా చక్రీ పడవలో సిద్ధంగా ఉన్నారు. సరంగుని చూడగానే అలవాటు కొద్దీ ఇద్దరూ మొహాలు సముద్రం వైపు తిప్పుకున్నారు. జోగులు పడవ ఎక్కలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, కాళమ్మ పక్కన గట్టు మీద నిలబడ్డాడు.

“ఎల్లండిరా,” అన్నాడు. “గుంజకోసం ఆగద్దు. ఇకమీదట ఎప్పుడూ ఆగద్దు.”

నూకన్న వెనక్కి తిరిగి బావ మొహంలోకి చూశాడు. తాడు విప్పాడు. ఇంజను అందుకుంది. మగ్గుతో గుంజ తడిపిన రోజుల్లోనూ వలలు నిండుగానే పడ్డాయని బావకీ బామ్మర్దికీ తెలుసు. డోంగీ రేవు దాటుతుండగా సరంగు నింపాదిగా గుంజ దగ్గరికి నడిచాడు. చుట్టూ వాసన చూశాడు. వెనక కాలు ఎత్తాడు, పూర్వంలాగే, కత్తికీ కాలుకీ ఏ సంబంధమూ లేనట్టు. ధార ఆగకుండా పడింది. ఈసారి జోగులు మొహం తిప్పుకోలేదు. చివరి చుక్క దాకా చూశాడు, చూస్తూ నవ్వాడు, నవ్వుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆటో ఎక్కారు. ఒక పక్క కాళమ్మ, మరో పక్క సరంగు, మధ్యలో జోగులు. పెద్దాసుపత్రికి పోనిమ్మని కాళమ్మ చెప్పింది. అక్కడ కుక్కని లోపలికి రానివ్వరని డ్రైవరు హిందీలో హెచ్చరించాడు.

“నక్కో, లోపలికి రాడు, గేటుకాడే ఉంటాడు,” అన్నాడు జోగులు, సరంగు వీపు మీద చెయ్యి వేసి. “ఆడికోసం నాను బైట కూకున్నాను. ఇప్పుడు ఆడి వంతు.”